ఇంటి స్విమ్మింగ్ పూల్‌కి ఎంత సైజు ఫిల్టర్ కావాలి? ముందు నీళ్ల లెక్క, తర్వాతే హెచ్‌పి

ప్రశ్న: నమస్తే అన్నా. మాది మొయినాబాద్ దగ్గర చిన్న ఫామ్‌హౌస్. పిల్లల కోసం పూల్ కట్టిస్తున్నాం. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, ఒకవైపు గోడ ఎత్తు 4 అడుగులు, ఇంకోవైపు ఐదున్నర అడుగులు. రాడ్లు కట్టడం అయింది, కాంక్రీట్ ఇంకా పోయలేదు. ఇది 45 వేల లీటర్ల పూల్, 16 అంగుళాల శాండ్ ఫిల్టర్, ఒకటిన్నర హెచ్‌పి మోటార్ పెడతా, సరిపోతుంది అంటున్నాడు కాంట్రాక్టర్. ఇంకో డీలరేమో అసలు పైపులే వద్దు, గోడకి తగిలించే పైప్‌లెస్ ఫిల్టర్ పెట్టుకోండి అన్నాడు. మా ఆడపడుచు వాళ్లు ఫిల్టర్ ఎంత పెద్దదైతే అంత మంచిది, 30 అంగుళాలది పెట్టెయ్యండి అంటున్నారు. మాకు బోరు నీళ్లే, గీజర్‌లో తెల్లగా పేరుకుపోయే రకం. పక్కనే రెండు వేప చెట్లు కూడా ఉన్నాయి. ఎవరి మాట వినాలో అర్థం కావట్లేదు, కాస్త వివరంగా చెప్పండి. – ఒక పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, కాంక్రీట్ పోయకముందే అడిగారు చూడండి, చాలా మంచి పని చేశారు. ఫిల్టర్ తర్వాతైనా మార్చుకోవచ్చు, మోటార్ మార్చుకోవచ్చు, కానీ గోడలోకి ఒకసారి వెళ్లిపోయిన పైపు మార్చాలంటే టైల్స్ పగలగొట్టాల్సిందే. ఇంకా టైమ్ ఉంది కాబట్టి నిదానంగా చూద్దాం.

మీకు మూడు రకాల సలహాలు వచ్చాయి గానీ, పూల్‌లో అసలు నీళ్లు ఎన్ని, అవి గంటకి ఎన్ని తిరగాలి అన్న లెక్కతో ఎవరూ మొదలుపెట్టలేదు. కాంట్రాక్టర్ 45 వేలు అన్నాడు కదా అంటారేమో, ఆ నంబర్ ఎలా వచ్చిందో చూడండి. 24 ఇంటూ 12 అంటే 288 చదరపు అడుగులు, దాన్ని ఐదున్నరతో గుణిస్తే 1584 ఘనపు అడుగులు, ఒక్కో ఘనపు అడుగుకి 28.3 లీటర్లు, మొత్తం దాదాపు 44,800 లీటర్లు. అంటే పూల్ మొత్తం లోతు వైపు ఉన్నంత లోతే ఉన్నట్టు, పైగా గోడ అంచు దాకా నీళ్లు నిండినట్టు లెక్క కట్టేశాడు. నిజానికి స్కిమ్మర్, అంటే గోడ పైభాగంలో నీళ్లు లాగే నోరు ఉన్న పూల్‌లో నీళ్లు అంచుకి ఓ అర అడుగు కిందే ఉంటాయి, స్కిమ్మర్ నోటికి సగం వరకు ఉంటేనే అది పైన తేలే ఆకుల్ని, దుమ్ముని లాగుతుంది. కాబట్టి మీ నీళ్ల లోతు ఒకవైపు మూడున్నర, ఇంకోవైపు ఐదు, సగటు 4.25 అడుగులు. 288 ఇంటూ 4.25 అంటే 1224 ఘనపు అడుగులు, లీటర్లలో 34,600 చిల్లర. మెట్లు గిట్లు తీసేస్తే ఇంకొంచెం తగ్గుతుంది, అయినా 35 వేలు అనే అనుకుందాం. అడుగు వాలు ఒకే తీరుగా ఉంటేనే ఈ సగటు లెక్క సరిగ్గా వస్తుంది, మధ్యలో ఒక్కసారిగా లోతు దిగేలా కడుతుంటే రెండు ముక్కలుగా లెక్కేసి కలపండి.

పది వేల లీటర్లు ఎక్కువ లెక్కేస్తే వచ్చిన నష్టం ఏంటి అనిపించొచ్చు. ఆ ఎక్కువ లెక్కకి తగ్గట్టు ఫిల్టర్ కూడా పెంచి ఉంటే నేనేమీ అనేవాణ్ని కాదు, ఇక్కడ మోటార్ ఒక్కటే పెరిగింది, ఫిల్టర్ మాత్రం చిన్నదే ఉండిపోయింది. మీ విషయంలో అసలు సమస్య ఇదే.

ఇక నీళ్లు ఎంతసేపట్లో తిరగాలి అనేది. పూల్‌లో ఉన్న నీళ్లకి సమానమైన నీళ్లు ఫిల్టర్ గుండా పోవడానికి పట్టే టైమ్‌ని టర్నోవర్ అంటారు. ఇళ్లలో ఆరు గంటలు అనేది మామూలుగా పెట్టుకునే లెక్క, జనం ఎక్కువగా దిగే చోట నాలుగు గంటలకి తగ్గిస్తారు. 35 వేలని ఆరుతో భాగిస్తే గంటకి 5,800 లీటర్లు వస్తుంది, వారాంతాల్లో చుట్టాలు పిల్లలు అందరూ వస్తారు కాబట్టి మీరు ఐదు గంటలకే పెట్టుకోండి, గంటకి 7,000 లీటర్లు. ఒక్క టర్నోవర్ అయిపోతే పూల్‌లో ప్రతి చుక్కా ఫిల్టర్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు, అలా జరగదు. ఫిల్టర్ అయిన నీళ్లు వచ్చి మళ్లీ అదే పూల్‌లో కలుస్తాయి కదా, అందుకే ఒక టర్నోవర్‌కి దాదాపు 63 శాతం నీళ్లే ఫిల్టర్‌లోంచి పోయినట్టు లెక్క, రెండో టర్నోవర్‌కి 86, మూడోదానికి 95 శాతం దాకా వస్తుంది. కాబట్టి ఎండాకాలంలో రోజుకి పది గంటలు, అంటే రెండు టర్నోవర్లు నడిపించేలా ప్లాన్ చేసుకోండి, చలికాలంలో ఎవరూ దిగని రోజుల్లో తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు ఫిల్టర్. శాండ్ ఫిల్టర్‌లో పని చేసేది ఇసుక పైభాగం వైశాల్యం, అంటే డ్రమ్ము అడ్డం కొలత. గంటకి ఒక చదరపు మీటర్ ఇసుక మీంచి ఎన్ని వేల లీటర్లు పోతున్నాయి అనేది చూడాలి. 50 వేలు అనేది ఇళ్లలో వాడే ఫిల్టర్లకి పై హద్దు, చాలా కంపెనీలు లేబుల్ మీద వేసే నంబర్ ఆ హద్దు దగ్గరే ఉంటుంది. 30 నుంచి 40 వేల మధ్యలో నడిపితే నీళ్లు నిజంగా మెరుస్తాయి, సన్నటి మట్టి కూడా ఆగుతుంది. ఫిల్టర్ కాఫీ డికాక్షన్ తెలుసు కదా, తొందరపడి నీళ్లు ఒత్తి పంపిస్తే చిక్కదనం రాదు, నిదానంగా దిగితేనే వస్తుంది, ఇసుకలో కూడా అంతే.

16 అంగుళాలు అంటే 400 ఎంఎం, దాని వైశాల్యం 0.126 చదరపు మీటర్లు, హద్దు దాకా తోలినా గంటకి 6,300 లీటర్లే. మనకి కావాల్సింది 7,000. అంటే ఈ ఫిల్టర్ మొదటి రోజే సరిపోదు. 20 అంగుళాలది, అంటే 500 ఎంఎం తీసుకుంటే వైశాల్యం 0.196, హద్దు 9,800 లీటర్లు, మనం 7,000 పంపిస్తే చదరపు మీటర్‌కి 36 వేలు పడుతుంది, సరిగ్గా మనం అనుకున్న చోట ఉంటుంది. 24 అంగుళాలది 600 ఎంఎం, వైశాల్యం 0.283, అదే 7,000 లీటర్లకి 25 వేలే పడుతుంది, ఇంకా నిదానం. మీ పూల్‌కి నా మాట 500 ఎంఎం, ఇందులో నాకు సందేహం లేదు.

కాంట్రాక్టర్ చెప్పిన ఒకటిన్నర హెచ్‌పి సంగతి కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ పూల్స్ పాడయ్యేది ఇక్కడే. ఆ సైజు పూల్ పంప్ కంపెనీని బట్టి గంటకి 15 నుంచి 20 వేల లీటర్లు తోయగలదు, 400 ఎంఎం ఫిల్టర్ తట్టుకునేది 6,300. ఫిల్టర్ అడ్డం పడుతుంది కాబట్టి అన్ని నీళ్లూ పోవు గానీ, ఆ తోపు అంతా లోపల ఇసుక మీద, ప్లాస్టిక్ మీద పడుతుంది. ఇసుకలో అక్కడక్కడ దారులు పడిపోతాయి, నీళ్లు ఇసుకలోంచి కాకుండా ఆ దారుల్లోంచే జారిపోతాయి, మట్టి మళ్లీ పూల్‌లోకే వస్తుంది. అడుగున చేతివేళ్లలా పరుచుకుని ఉండే లాటరల్స్ అనే సన్న చీలికల గొట్టాలు ఉంటాయి, అవి పగిలితే ఇసుక కూడా రావడం మొదలవుతుంది. పొద్దున్నే పూల్ కదలకుండా ఉన్నప్పుడు నీళ్లు లోపలికి వచ్చే ఇన్‌లెట్ కింద అడుగున చూడండి, అక్కడ సన్నటి ఇసుక చిన్న కుప్పగా కనిపిస్తే లాటరల్ పోయిందనే ముందు అనుమానించాలి. అలాంటి పూల్ యజమాని ఏం చేస్తాడంటే నీళ్లు మసకగా ఉన్నాయని క్లోరిన్ పెంచుతాడు, పిల్లల కళ్లు మండుతాయి, నీళ్లు మాత్రం అలాగే ఉంటాయి, ఆఖరికి మోటార్ ఇంకా పెద్దది పెట్టమంటారు, సమస్య ఇంకా ముదురుతుంది. నెలనెలా కరెంటు బిల్లు సరేసరి.

మీ ఆడపడుచు గారి మాటలో మూడొంతులు నిజం ఉంది. అనుమానంగా ఉన్నప్పుడు ఫిల్టర్ ఒక సైజు పెద్దది తీసుకోవడమే మంచిది, మట్టి పట్టే జాగా ఎక్కువ, కడగాల్సిన అవసరం తక్కువ. కానీ దానికీ ఒక హద్దు ఉంది, అది బ్యాక్‌వాష్ దగ్గర తెలుస్తుంది. ఫిల్టర్ కడిగేటప్పుడు నీళ్లు కింద నుంచి పైకి పోతాయి, ఇసుక మొత్తం పైకి లేచి విడివిడిగా కదిలితేనే అందులో ఇరుక్కున్న మట్టి బయటికి కొట్టుకుపోతుంది. అలా లేవాలంటే చదరపు మీటర్‌కి గంటకి దాదాపు 40 వేల లీటర్ల వేగం కావాలి. 500 ఎంఎం ఫిల్టర్‌కి అది 8,000 లీటర్లు, 600కి 11 వేల పైన, వాళ్లు చెప్పిన 30 అంగుళాల 750 ఎంఎం దానికైతే దాదాపు 17,700 లీటర్లు. మీ పూల్‌కి సరిపోయే మోటార్ అంత ఇవ్వలేదు, అప్పుడు ఇసుక లేవదు, మట్టి లోపలే ఉండి గడ్డ కడుతుంది, పైకి చూస్తే పెద్ద ఫిల్టర్, లోపల బురద. దానికోసం మోటార్ పెంచితే పైపులు పెంచాలి, అదో గొలుసు. అందుకే 500 దగ్గర ఆగండి. ముందు ముందు ఫామ్‌హౌస్ అద్దెకిచ్చే ఆలోచన ఉండి రోజూ జనం దిగేట్టయితే అప్పుడు 600 ఎంఎం, దానికి తగ్గట్టు ఒక హెచ్‌పి పంప్ తీసుకోండి, అంతకన్నా పైకి వద్దు.

మోటార్ విషయంలో ఒక్కటే మాట, హెచ్‌పి అడగకండి, 10 మీటర్ల హెడ్ దగ్గర గంటకి ఎన్ని క్యూబిక్ మీటర్లు ఇస్తుంది అని అడగండి. హెడ్ అంటే ఎత్తు, పైపులు, ఫిల్టర్ అన్నీ కలిపి నీళ్లకి ఎదురయ్యే అడ్డు, దాన్ని మీటర్లలో చెప్తారు. పేరున్న ఏ కంపెనీ అయినా ఆ చార్ట్ ఇస్తుంది. మీకు కావాల్సింది అక్కడ 7 నుంచి 8 క్యూబిక్ మీటర్లు ఇచ్చేది, అంటే ఏడెనిమిది వేల లీటర్లు. కంపెనీని బట్టి అర హెచ్‌పికి ముప్పావు హెచ్‌పికి మధ్యలో దొరుకుతుంది, సింగిల్ ఫేజ్ చాలు. బ్యాక్‌వాష్‌లో నీళ్లు నేరుగా బయటికి పోతాయి కాబట్టి హెడ్ తగ్గి ఇంకొంచెం ఎక్కువే వస్తాయి, ఆ 8,000 కూడా అందుతుంది. ట్యాంక్‌కి నీళ్లెక్కించే మామూలు మోనోబ్లాక్ మోటార్ మాత్రం పెట్టనివ్వకండి, కొందరు ఖర్చు తగ్గుతుందని అదే బిగిస్తారు. దానికి ముందు ఆకులు, వెంట్రుకలు ఆపే బాస్కెట్ ఉండదు, పైగా అది ఎత్తుకి తోయడానికి చేసింది, ఎక్కువ నీళ్లు తిప్పడానికి కాదు.

బయటి దేశం కేటలాగ్ చూపిస్తే జీపీఎం అని ఉంటుంది, అంటే నిమిషానికి గ్యాలన్లు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. 35 జీపీఎం అని ఉంటే అమెరికా లెక్కలో గంటకి 7,950 లీటర్లు, బ్రిటిష్ లెక్కలో 9,500 దాటుతుంది, ఏ గ్యాలనో కనుక్కోకుండా సరే అనొద్దు.

పైపు లైన్ ఇప్పుడే తేల్చేయాలి. స్కిమ్మర్ నుంచి మోటార్‌కి వచ్చే సక్షన్ లైన్ రెండు అంగుళాలు, అంటే 63 ఎంఎం వేయించండి. 50 ఎంఎంలో కూడా ఈ నీళ్లు పోతాయి గానీ రాపిడి ఎక్కువై మోటార్ ఊరికే కష్టపడుతుంది, మోటార్ రూమ్ దూరంగా ఉంటే మరీను. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. స్కిమ్మర్‌ని గాలి ఎటు వీస్తే ఆ చివర పెట్టించండి, వేపాకు, పూత అన్నీ గాలికి తేలుకుంటూ అదే చివరికి చేరతాయి. మీ వైపు వానాకాలంలో గాలి ఎక్కువగా పడమర నుంచి వస్తుంది, అంటే తూర్పు వైపు గోడకి స్కిమ్మర్, ఎదురుగా ఇన్‌లెట్లు.

పైప్‌లెస్ గురించి చెప్పాలంటే అది చెడ్డ వస్తువేం కాదు. కట్టేసిన పాత పూల్‌కి, మేడ మీద చిన్న పూల్‌కి, పైపు వేసే వీలే లేని చోటికి అది బాగానే పనికొస్తుంది. అందులో ఇసుక బదులు బ్యాగ్ గానీ కార్ట్రిడ్జ్ గానీ, అంటే మడతలు మడతలుగా ఉండే వడపోత గొట్టం ఉంటుంది. కార్ట్రిడ్జ్ ఇసుక కన్నా సన్నటి మట్టిని కూడా పడుతుంది, ఇసుక మామూలుగా 20 నుంచి 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు) దాకా ఆపితే కార్ట్రిడ్జ్ 10 నుంచి 20 దాకా ఆపుతుంది. బ్యాక్‌వాష్ నీళ్లు కూడా వృథా కావు. కానీ మీ నీళ్లు చూడండి, గీజర్‌లో పేరుకునే ఆ తెల్లటి సున్నమే కార్ట్రిడ్జ్ మడతల్లో కూడా పట్టేస్తుంది, పైపుతో కడిగితే పోదు, యాసిడ్‌లో నానబెట్టాలి, కొన్నాళ్లకి మార్చాలి. చుట్టూ పొలాల దుమ్ము ఒకటి. పైపు వేసుకునే అవకాశం చేతిలో ఉన్నప్పుడు మీలాంటి వాళ్లు ఇసుకకే వెళ్లాలి అనేది నా గట్టి అభిప్రాయం.

ఆ ఇసుక కూడా ఇంటి పనికి తెచ్చిన ట్రాక్టర్ ఇసుక కాదు. ఫిల్టర్ కోసమే జల్లించి అమ్మే సిలికా శాండ్, 0.5 నుంచి 1 ఎంఎం గింజ ఉన్నది బస్తాల్లో దొరుకుతుంది, ఫిల్టర్ కంపెనీ వాళ్లు ఏ గింజ ఎన్ని కిలోలు అని రాసి ఇస్తారు, అదే పోయించండి. వాగు ఇసుకలో బంకమన్ను ఉంటుంది, గింజలు చిన్నాపెద్దా కలిసి ఉంటాయి. పోసేటప్పుడు ముందు డ్రమ్ము సగం నీళ్లు నింపి ఆ తర్వాత నెమ్మదిగా ఇసుక వేయాలి, పైనుంచి బస్తా ఒక్కసారి గుమ్మరిస్తే లాటరల్స్ ఆ రోజే విరుగుతాయి, మీరు దగ్గరుండి చూడండి.

బోరు నీళ్ల సంగతి ముందే తెలుసుకుని ఉండండి, ఏ సైజు ఫిల్టర్ పెట్టినా నీళ్లలో కరిగి ఉన్న సున్నం గానీ ఇనుము గానీ ఆగదు. నీళ్లు నింపి క్లోరిన్ వేయగానే రాత్రికి రాత్రి టీ రంగుకి తిరిగితే భయపడకండి, ఇనుము ఉందని అర్థం, క్లోరిన్ తగిలాకే అది కంటికి కనిపించే తుప్పుగా మారుతుంది, అప్పుడు ఫిల్టర్ పట్టుకోగలదు, మొదటి కొన్ని రోజులు బ్యాక్‌వాష్ ఎక్కువ చేయాలి అంతే. చాలామంది పటిక వేస్తారు, వేయొచ్చు, కానీ పటిక వేశాక మోటార్ ఆపి రాత్రంతా అడుగుకి దిగనిచ్చి, పొద్దున ఆ మడ్డిని ఫిల్టర్ వాల్వ్ హ్యాండిల్‌ని ‘వేస్ట్’ (నీళ్లు ఇసుకలోకి పోకుండా నేరుగా బయటికి పోయే చోటు) దగ్గర పెట్టి వాక్యూమ్‌తో బయటికి పంపేయాలి, ఫిల్టర్‌లోకి పంపితే ఇసుక జిగురై గడ్డ కడుతుంది. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్యలో ఉంచితే సున్నం టైల్స్‌కి పట్టడం కూడా తగ్గుతుంది, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం. ఫిల్టర్ మట్టిని తీస్తుంది, క్రిముల్ని చంపేది క్లోరినే, ఒకటి పెద్దదైందని రెండోది మానడానికి లేదు.

ఇసుక కొత్తగా కడిగిన రోజు ప్రెషర్ గేజ్ ముల్లు ఎక్కడుందో అద్దం మీద మార్కర్‌తో చిన్న గీత పెట్టుకోండి. అక్కడి నుంచి 8–10 పీఎస్ఐ (గేజ్ మీద ఉండే ఒత్తిడి కొలత) పెరిగినప్పుడే బ్యాక్‌వాష్ చేయాలి. రోజూ కడిగేస్తే మంచిదనుకుంటారు గానీ, కొంచెం మట్టి పట్టిన ఇసుకే సన్నటి మట్టిని బాగా ఆపుతుంది. వాల్వ్ హ్యాండిల్ తిప్పే ముందు ప్రతిసారీ మోటార్ ఆపాలి, నడుస్తుండగా తిప్పితే లోపలి రబ్బరు గ్యాస్కెట్ చిరిగి నీళ్లు ఎప్పుడూ బయటికి కారుతూనే ఉంటాయి. పక్కనున్న చిన్న గాజు గొట్టంలో నీళ్లు తేటగా కనిపించేదాకా రెండు మూడు నిమిషాలు బ్యాక్‌వాష్, తర్వాత అర నిమిషం రిన్స్, అంటే ఇసుక మళ్లీ సర్దుకునేదాకా నీళ్లు బయటికే పంపడం. ఒక్కోసారి 300–400 లీటర్లు పోతాయి, ఆ నీళ్లు పోవడానికి గుంట ఎక్కడో ఇప్పుడే చూసుకోండి, బావిలోకి చెరువులోకి మాత్రం వద్దు.

ఇంకొక్క విషయం, పిల్లల కోసం కడుతున్నానన్నారు కాబట్టి ఇది తప్పకుండా చదవండి. పెద్ద మోటార్‌కి అడుగున ఒక్కటే డ్రెయిన్ ఉంటే, ఎవరైనా పిల్ల దాని మీద కూర్చున్నా, జుట్టు అందులోకి పోయినా ఆ లాగుడికి పైకి రాలేరు. అమెరికాలో 2002లో గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్‌లో ఇలాగే చనిపోయింది, ఆ పాప పేరు మీదనే అక్కడ 2007లో పూల్ భద్రతా చట్టం వచ్చింది. మీ పూల్‌కి అడుగున డ్రెయిన్ పెట్టిస్తే రెండు పెట్టించండి, కనీసం మూడడుగుల దూరంలో, రెండూ ఒకే పైపుకి కలిపి, పైన ఉబ్బెత్తుగా ఉండే యాంటీ ఎంట్రాప్‌మెంట్, అంటే ఒళ్లు, జుట్టు ఇరుక్కోకుండా చేసే మూతలతో. ఒకటి మూసుకుపోయినా రెండోది లాగుతుంది, పిల్లని వదిలేస్తుంది. మోటార్ లైన్‌కి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ కూడా అడిగి మరీ పెట్టించండి. వీటిలో ఏ ఒక్కటీ ఖర్చు తగ్గించుకునే చోటు కాదమ్మా.

ఇప్పుడు కాంట్రాక్టర్‌తో గొడవ పడాల్సిన పని లేదు, కొటేషన్ తిరగరాసి ఇమ్మనండి. ఫిల్టర్ 500 ఎంఎం అని, పంప్ 10 మీటర్ల హెడ్ దగ్గర 7–8 క్యూబిక్ మీటర్లు అని, సక్షన్ 63 ఎంఎం అని, డ్రెయిన్లు రెండు అని విడివిడిగా రాయించుకోండి, హెచ్‌పి ఒక్కటే రాసిన కాగితానికి అడ్వాన్స్ ఇవ్వకండి. కాంక్రీట్ పోసే ముందు పైపు లైన్లన్నీ మూసి నీళ్లతో ప్రెషర్ ఎక్కించి ఒక రాత్రి వదిలేయమనండి, పొద్దునకి గేజ్ ముల్లు కిందకి దిగకుండా ఉంటేనే పోయనివ్వండి.